ఇచ్చే చేయి ఉన్న తెలుగువారికి ఒక విలేకరి బహిరంగ లేఖ

ప్రవాస తెలుగు సంఘాల పెద్దలకు, హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో ట్రస్టులు నడుపుతున్న పారిశ్రామికవేత్తలకు,

నమస్కారం.

మీరు సొంతూళ్ళకు చేసిన మేలు గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. బడికి గదులు, గుడికి గోపురం, కంటి శిబిరాలు, మంచినీటి ప్లాంట్లు, డల్లాస్‌లోనో అట్లాంటాలోనో రోడ్డు ప్రమాదంలో పోయిన కుర్రాడి భౌతికకాయాన్ని ఇంటికి చేర్చడానికి రాత్రికి రాత్రి పోగేసే డాలర్లు. చేతికి ఎముక లేదన్న మాట మీలో చాలామందికి సరిగ్గా సరిపోతుంది. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ జాబితాలో ఇప్పటిదాకా లేని పద్దు ఒకటి చేర్చండి. దొంగసొమ్ము దేశాల హద్దులు దాటి ఎటు పోతోందో వెతికే జర్నలిజానికి డబ్బు పెట్టండి.

"పత్రికలకు మేమెందుకివ్వాలి, వాటికి యజమానులు లేరా, యాడ్లు లేవా?" అంటారని తెలుసు. దానికి జవాబు విశాఖ నుంచి మొదలుపెట్టాలి.

2024 మే నెలలో కాంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో, జిన్‌బెయ్ అనే కాంపౌండ్‌లో వందల మంది భారతీయులు తిరగబడ్డారు. వాళ్ళలో మన విశాఖ చుట్టుపక్కల కుర్రాళ్ళున్నారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, లక్షకు పైగా గుంజి, ఏజెంట్లు వాళ్ళను తీసుకెళ్ళి కాంబోడియాలో చైనా ముఠాలకు అప్పజెప్పారు. అక్కడ వాళ్ళ పని మన వాళ్ళకే ఫోన్లు చేసి మోసగించడం. మీ పేరున వచ్చిన ఫెడెక్స్ పార్సిల్‌లో మత్తుమందు దొరికిందని బెదిరించడం, షేర్లలో పెడితే రెట్టింపు అని ఆశ చూపడం. టార్గెట్ రాకపోతే తిండి బంద్, చీకటి గది. విశాఖ పోలీసులు కేసు పెట్టారు, ఏజెంట్లను పట్టుకున్నారు, పిల్లల్ని రప్పించారు. మొదటి బ్యాచ్ విమానం దిగిన రోజు అందరం ఫొటోలు వేశాం. వేయాల్సిన వార్తే.

ఆ తర్వాత ఏమైంది? ఏజెంటు దొరికాడు సరే, ఏజెంటుకు మనిషికింత అని లెక్కగట్టి పంపినవాడెవడు? ఆ కాంపౌండ్ స్థలం ఎవరి పేరు మీదుంది? మన పెద్దవాళ్ళ పీఎఫ్ సొమ్ము, గ్రాట్యుటీ సొమ్ము చివరికి ఏ దేశంలో ఏ భవనంగా లేచింది? మా జిల్లా పేజీల్లో వీటికి జవాబు రాలేదు. ఇప్పుడున్న పద్ధతిలో రాదు కూడా. తీగ లాగితే డొంకంతా కదలాలి కదా, ఇక్కడ తీగ విశాఖలో చిక్కింది, డొంక సముద్రం అవతల ఉంది.

ఏదో కొద్దిమంది కుర్రాళ్ళ గొడవ అనుకోకండి. మయన్మార్‌లో కనీసం 1,20,000 మందిని, కాంబోడియాలో దాదాపు 1,00,000 మందిని ఇలా నిర్బంధించి మోసాలు చేయిస్తున్నట్టు అంచనాలున్నాయని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో చెప్పింది. సైబర్ మోసాల్లో మన దేశస్థులు 2024లో పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోంశాఖ పార్లమెంటులో చెప్పింది. అంతకు ముందు ఏడాది 7,465 కోట్లు. ఏడాదిలో మూడింతలు. ఇంత వేగంగా పెరిగిన వ్యాపారం మీకు తెలిసినదేదైనా ఉంటే చెప్పండి.

డబ్బు పోయే దారి కాస్త దగ్గరగా చూడండి. సికింద్రాబాద్‌లో ఒక పెద్దాయన, పోలీసులమంటూ ఫోన్లో బెదిరించే ముఠా "డిజిటల్ అరెస్ట్" అన్న మాటకు హడలిపోయి ఆర్టీజీఎస్ చేశాడనుకోండి. ఆ సొమ్ము పడేది నిజమైన మనిషి ఖాతాలోనే. ఆధార్, పాన్ అన్నీ సక్రమంగా ఉన్న ఓ డ్రైవరో, డిగ్రీ కుర్రాడో కొన్ని వేలకు ఆశపడి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ కలిపి అమ్మేసిన ఖాతా అది. పోలీసులు మ్యూల్ అకౌంట్ అంటారు. అక్కడ సొమ్ము గంట కూడా నిలవదు. ముక్కలై రెండో వరస ఖాతాల్లోకి, అక్కణ్నుంచి మూడో వరసలోకి పోతుంది. ఇంట్లో వాళ్ళకు విషయం తెలిసి సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి చాలావరకు ఖాళీ. చివరి వరసలో ఎవడో ఆ రూపాయలు పెట్టి యూఎస్‌డీటీ అనే క్రిప్టో కొని ఒక వాలెట్‌కు పంపేస్తాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ అక్కడితో సరి. దర్యాప్తు కూడా చాలా కేసుల్లో అక్కడితోనే సరి. విదేశం నుంచి కాగితం రావాలంటే కోర్టు నుంచి లెటర్ రొగేటరీ, అంటే అవతలి దేశపు కోర్టు సాయం కోరే లేఖ, వెళ్ళాలి, హోంశాఖ దాటాలి, విదేశాంగ శాఖ దాటాలి, అవతలి దేశం దయతలచాలి. ఈలోపు ఇన్‌స్పెక్టర్‌కు బదిలీ అయిపోతుంది.

విలేకరికి ఆ స్టాంపులు అక్కర్లేదు. క్రిప్టో వాలెట్ల లావాదేవీలు ఎవరైనా చూడగలిగే లెడ్జర్‌లోనే ఉంటాయి. బ్రిటన్‌లో కంపెనీల రిజిస్టర్ ఊరికే చూడొచ్చు. సింగపూర్‌లో ఒక కంపెనీ వివరాల పత్రానికి ఐదున్నర సింగపూర్ డాలర్లు. మన కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో వంద రూపాయలు కడితే కంపెనీ పత్రాలు తెరుచుకుంటాయి, సైట్ పనిచేసే రోజైతే. కంపెనీల యజమానుల పేర్లు బయటపెట్టని బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ దాకా పోతే మాత్రం తలుపు మూసే ఉంటుంది. యూరప్‌లో తెరిచి ఉన్న తలుపును కూడా 2022 నవంబర్‌లో అక్కడి న్యాయస్థానం దగ్గరకు వేసింది, కంపెనీల అసలు యజమానుల వివరాలు అందరికీ చూపించడం వాళ్ళ గోప్యతకు భంగమంటూ. అలాంటి చోట లీకైన పత్రాలే దిక్కు. అంతర్జాతీయ పరిశోధక విలేకరుల కూటమి ఐసీఐజే పెట్టిన డేటాబేస్‌లో 8 లక్షలకు పైగా ఆఫ్‌షోర్ (పన్ను, గోప్యత కోసం పరాయి దేశంలో పెట్టిన) కంపెనీలు, ట్రస్టుల పేర్లు మీరూ నేనూ ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు.

పేరు దొరకడంతో పని అయిపోదు, అప్పుడే మొదలవుతుంది. ఆ పేరు ఆ మనిషిదేనా? పుట్టిన తేదీ కలుస్తుందా? పాత చిరునామా కలుస్తుందా? ఒకే ఇంటిపేరు, ఒకే తాత పేరు పెట్టుకున్నవాళ్ళు మన గోదావరి జిల్లాల్లో మండలానికి అరడజను మంది దొరుకుతారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన చైనా పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మాండరిన్ చదివేవాడు కావాలి, కాంబోడియా భాష ఖ్మేర్ చదివేవాడు కావాలి, దాని రాజధాని నాంఫెన్‌లో భూమి కాగితాలు తీయగలిగినవాడు కావాలి, సిహనౌక్‌విల్‌లో ఆ గేటు ముందు నిలబడి చూసొచ్చేవాడు కావాలి. అన్నీ అయ్యాక అచ్చు వేసే ముందు అక్షరం అక్షరం చదివే లాయరు కావాలి, ఎందుకంటే మన దేశంలో పరువునష్టం ఇప్పటికీ క్రిమినల్ నేరమే. ఖర్చంతా ఇక్కడుంది. ఇది ఏ ఒక్క పత్రికా ఒక్క దేశంలో కూర్చుని చేయగలిగే పని కాదు.

ఇక మా సంగతి చెప్తాను. మన మండలాల్లో వార్తలు పంపే కంట్రిబ్యూటర్లలో అత్యధికులకు జీతం లేదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ ఉంటుంది. అది పెట్రోలుకు చాలితే గొప్ప. పైగా ఆగస్టు 15కు, సంక్రాంతికి, యజమాని పుట్టినరోజుకు యాడ్ టార్గెట్. ఎవరి దగ్గర యాడ్ అడిగాడో వాడి మీదే వార్త రాయమంటే కంట్రిబ్యూటర్ ఏం రాస్తాడు? 2016 ఏప్రిల్‌లో పనామా పేపర్స్, అంటే ఆఫ్‌షోర్ కంపెనీలు పెట్టించే పనామా లాయర్ల సంస్థ నుంచి లీకైన పత్రాలు, బయటికొచ్చాయి. 1.15 కోట్ల పత్రాల మీద దాదాపు 80 దేశాలకు చెందిన 370 మందికి పైగా విలేకరులు ఏడాది పాటు నోరు మెదపకుండా పనిచేశారు. ఆ బల్ల దగ్గర భారత్ తరఫున కూర్చున్నది ఒకే పత్రిక, ఇండియన్ ఎక్స్‌ప్రెస్. మన డెస్కుల్లో మర్నాడు దాని తర్జుమా వేసుకున్నాం.

"రాస్తే ఏం జరిగింది?" అన్నది మీ తర్వాతి ప్రశ్న. న్యాయమైనదే. ఐస్‌లాండ్ ప్రధాని రోజుల్లో దిగిపోయాడు. పాకిస్తాన్‌లో నవాజ్ షరీఫ్ మీద మరుసటి ఏడాది అనర్హత వేటు పడింది. ఆయా దేశాల ఖజానాలకు కలిపి 136 కోట్ల డాలర్ల పన్నులు, జరిమానాలు తిరిగొచ్చాయని 2021లో ఐసీఐజే లెక్క తేల్చింది. మన దేశంలో పనామా పేపర్లలో, అలాంటిదే మరో లీకైన పారడైజ్ పేపర్లలో బయటపడ్డ 930 పేర్లకు సంబంధించి 20,353 కోట్ల వెల్లడించని సొమ్ము గుర్తించామని 2021 డిసెంబర్‌లో ప్రభుత్వం రాజ్యసభకు చెప్పింది. అప్పటికి వసూలైన పన్ను 153.88 కోట్లు. రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. గుర్తించడం విలేకరుల పుణ్యం. వసూలు మాటకొస్తే అడగాల్సింది మమ్మల్ని కాదు. అయినా ఆ 153 కోట్లే అనుకున్నా, ఆ పరిశోధనకు మన దేశంలో అయిన ఖర్చుతో పోలిస్తే ఎన్ని రెట్లో మీ ఆడిటర్లు క్షణంలో చెప్పగలరు.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, ఇన్నాళ్ళూ మన తరఫున ఈ పని చేసినవాళ్ళ కింద నేల కదిలిపోయింది. కాంబోడియాలో వీఓడీ అనే చిన్న వార్తా సంస్థ ఈ కాంపౌండ్ల మీద అందరికంటే ముందు నుంచీ రాస్తూ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో అప్పటి ప్రధాని హున్ సెన్ దాని లైసెన్సు రద్దు చేయించాడు. సాకు మాత్రం వేరే. టర్కీ భూకంప సాయం విషయంలో తన కొడుకు గురించి రాసిన వార్త. అక్కడ పనిచేసిన విలేకరి మెచ్ దారాకు కాంపౌండ్ల గుట్టు బయటపెట్టినందుకు అదే ఏడాది అమెరికా విదేశాంగ శాఖ అవార్డు ఇచ్చింది. 2024 సెప్టెంబర్ 30న అతన్ని అరెస్టు చేశారు. మూడు వారాలు దాటాక బెయిల్ మీద బయటికొచ్చాడు, ఇక ఈ వృత్తి మానేస్తున్నానన్నాడు. మన పిల్లలు జిన్‌బెయ్‌లో తిరగబడిన ఏడాదే అది. వాళ్ళ గురించి అక్కడి నుంచి రాసే మనిషి ఒకడు తగ్గాడు.

అమెరికా ప్రభుత్వ సొమ్ముతో నడిచే రేడియో ఫ్రీ ఏషియా 2024లో ప్రిన్స్ గ్రూప్ అనే కాంబోడియా వ్యాపార సామ్రాజ్యం డబ్బు ఎక్కడిదని తవ్వింది. 2025 మార్చిలో ట్రంప్ ప్రభుత్వం ఆ రేడియోకు నిధులు ఆపేసింది. అదే ఏడాది అక్టోబర్ 14న అమెరికా ప్రాసిక్యూటర్లే ప్రిన్స్ గ్రూప్ అధినేత చెన్ జీ మీద అభియోగాలు బయటపెట్టి, దాదాపు 1,500 కోట్ల డాలర్ల విలువైన బిట్‌కాయిన్ స్వాధీనం కోసం కోర్టుకెక్కారు. ఆరోపణలు నిజం కాదని గ్రూప్ అంది. ఆ నెలాఖరుకు రేడియో ఫ్రీ ఏషియా వార్తల పనే నిలిపేసింది. ఒకే ప్రభుత్వం, రెండు వారాల తేడా. నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇది ఒక్క రేడియోతో పోలేదు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం మొత్తం స్తంభించింది. ప్రపంచవ్యాప్తంగా స్వతంత్ర మీడియా కోసం ఆ ఏడాదికి కేటాయించినది 26.8 కోట్ల డాలర్లకు పైమాటేనని పత్రికా స్వేచ్ఛ కోసం పనిచేసే రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ చెప్పింది. మయన్మార్ సైన్యం నుంచి తప్పించుకుని థాయ్ సరిహద్దు పట్టణం మే సోట్‌లో తలదాచుకున్న చిన్న చిన్న వార్తా సంస్థలు ఒక్కసారిగా జీతాలివ్వలేక చేతులెత్తేశాయి. అదే మే సోట్ మీదుగానే కదా 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో వందల మంది మన వాళ్ళు వెనక్కొచ్చింది. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు.

"విదేశీ ప్రభుత్వాల డబ్బు తీసుకుంటే ఇలాగే ఉంటుంది" అనే మాట మీ నోటిదాకా వచ్చి ఉంటుంది. ఆ మాటలో కొంత నిజముంది, దాచను. 2024 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లోని మీడియాపార్ట్ అనే వార్తా సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి ఓసీసీఆర్‌పీ అనే పరిశోధక జర్నలిజం సంస్థ అమెరికా ప్రభుత్వ సొమ్ము మీద ఎంతగా ఆధారపడిందో రాశాయి. కీలక పదవుల్లో ఎవరుండాలన్న దాని మీద కూడా దాతకు అభ్యంతరం చెప్పే వీలుందని బయటపెట్టాయి. మా వార్తల జోలికి ఏ దాతా రాలేదని ఓసీసీఆర్‌పీ బదులిచ్చింది. అదానీ గ్రూప్‌లో మారిషస్ ఫండ్ల పెట్టుబడుల గురించి 2023 ఆగస్టులో ఆ సంస్థ రాసిన కథనం మీద అప్పటికే మండిపడుతున్న బీజేపీ దీన్ని పట్టుకుని పార్లమెంటులో విదేశీ కుట్ర అంది. మా కథనాన్ని వక్రీకరించారని మీడియాపార్టే ఖండించాల్సి వచ్చింది. నా అభిప్రాయం అడిగితే, కుట్ర అన్నది రాజకీయం. కానీ ఒక్క దాత చేతిలో అంత పెద్ద వాటా ఉండటం తప్పే. ఆ చేయి వెనక్కి తీసుకున్న రోజు ఏమవుతుందో 2025లో చూశాం. దీనికి మందు దాతలు లేకుండా చేయడం కాదు, వందల మంది దాతలుండటం. వందల మంది చేత తలా కొంత వేయించే విద్య ప్రపంచంలో మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఇక చట్టం. ఇది సూటిగా మాట్లాడుకోవాలి, లేకపోతే మంచికి పోయి చిక్కుల్లో పడతారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010లోని సెక్షన్ 3 ప్రకారం రిజిస్టరైన పత్రికలు, వాటి విలేకరులు, కాలమిస్టులు, కార్టూనిస్టులు, వార్తా ప్రసార సంస్థలు విదేశీ విరాళం తీసుకోకూడదు. మీరు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, చట్టం దృష్టిలో మీరిచ్చేది విదేశీ విరాళమే. పాస్‌పోర్టు ఇంకా భారతదేశానిదైతే, గ్రీన్‌కార్డు ఉన్నా, హెచ్1బీ మీదున్నా, మీ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. కాబట్టి పౌరసత్వం మారినవాళ్ళు అవతలి ఒడ్డు ఖర్చు చూడొచ్చు. మే సోట్‌లోనో, ప్రవాసంలోనో మిగిలిన కాంబోడియా, మయన్మార్ విలేకరులకు, అమెరికాలోనే లాభాపేక్ష లేకుండా నడుస్తున్న పరిశోధక సంస్థలకు ఇవ్వొచ్చు. ఇవతలి ఒడ్డు ఖర్చు భారత పౌరులది, ఇక్కడి ట్రస్టులది.

ఇక్కడి ట్రస్టులకూ దారి పూలపాన్పేమీ కాదు. కంపెనీల చట్టం కింద లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత పనులకు, అంటే సీఎస్ఆర్‌కు, పెట్టాలి కదా, అందుకు అనుమతించిన పనుల జాబితాలో జర్నలిజం లేదు. రిపోర్టర్స్ కలెక్టివ్ అనే సంస్థకున్న లాభాపేక్ష లేని హోదాను ఆదాయపు పన్ను శాఖ రద్దు చేసినట్టు 2025 జనవరిలో ఆ సంస్థే చెప్పుకుంది. వాళ్ళు చేసే జర్నలిజం వల్ల ప్రజాప్రయోజనం లేదన్నది శాఖ చూపిన కారణం. స్వతంత్ర మీడియాకు నిధులిచ్చే, బెంగళూరులోని ఒక ఫౌండేషన్ మీద 2022 సెప్టెంబర్‌లో అదే శాఖ సర్వే జరిపింది. ఈ భయాలు ఉత్తవని నేను చెప్పను. పన్ను మినహాయింపు ఆశించకుండా, పన్ను కట్టేసిన సొంత సొమ్ములోంచి ఇవ్వమనే అడుగుతున్నాను. జాబితాలో జర్నలిజాన్ని చేర్చమని ఢిల్లీలో అడిగే చొరవ ఉంటే మీకే ఉంటుంది. మంత్రులు మీ ఫోన్ ఎత్తుతారు, మాది ఎత్తరు.

అసలు భయం ఇది కాదని నాకు తెలుసు. "మా డబ్బు తిని రేపు మా మీదే రాస్తే?" రాస్తారు. రాయాలి. ఆ ఏర్పాటు ముందే కాగితం మీద ఉండాలి. ఏ ఒక్క దాత వాటా పదో వంతు దాటకూడదు. ఇచ్చినవాళ్ళ పేర్లు, ఎంతిచ్చారో అందరికీ కనిపించాలి. ఏ కథ చేయాలో, ఏది ఆపాలో దాత నోరెత్తకూడదు. అచ్చుకు ముందు ఒక్క పేరా కూడా చూపమని అడగకూడదు. ఒక ఏడాది ఇచ్చి ఫలితమేదని అడిగితే ఈ పని సాగదు, కనీసం మూడేళ్ళ మాట ఇవ్వాలి. యూరప్‌లో జర్నలిజంఫండ్ లాంటి సంస్థలు రెండు మూడు దేశాల విలేకరుల జట్లకు గ్రాంటు ఇచ్చేటప్పుడు ఎంపికను దాతల చేతిలో పెట్టవు, స్వతంత్ర జ్యూరీకి అప్పగిస్తాయి. మనం చక్రం కొత్తగా కనిపెట్టక్కర్లేదు.

కలిసి పనిచేయడంలో ఇంకో లాభముంది. మాల్టాలో పనామా పేపర్ల తీగ పట్టుకుని మంత్రుల దాకా వెళ్ళిన డాఫ్నీ కరువానా గలీజియాను 2017 అక్టోబర్ 16న కారులో బాంబు పెట్టి చంపారు. కొన్ని నెలలకే పలు దేశాల విలేకరులు 45 మంది ఆమె వదిలిన కథలు అందుకుని పూర్తి చేశారు. మన ఉత్తరాంధ్రలో ఇసుక మీదో క్వారీ మీదో రాసి దెబ్బలు తిన్న కంట్రిబ్యూటర్‌కు అలాంటి 45 మంది ఎక్కడున్నారు?

నా లెక్క చెప్తాను, తప్పులుంటే దిద్దండి. ఇద్దరు రిపోర్టర్లు, డేటా చూసే మనిషి ఒకరు, లాయరు రిటైనర్, ఇద్దరు అనువాదకులు, అవతలి దేశంలో ఒక భాగస్వామి, ప్రయాణాలు, రిజిస్టర్ల రుసుములు అన్నీ కలిపి ఏడాదికి కోటిన్నర. మీ మహాసభల్లో ఒక్క సాయంత్రం స్టేజీకి, తారల బిజినెస్ క్లాసు టిక్కెట్లకు ఎంతవుతుందో నాకంటే మీకు బాగా తెలుసు. తారలు రావద్దనడం లేదు, మా ఇంట్లో కూడా చూస్తారు. మొదటి కథకు దూరం పోనక్కర్లేదు. విశాఖ కేసు ఎఫ్ఐఆర్‌లు, ఛార్జిషీట్లు కోర్టులో ఉన్నాయి. అందులో ఏజెంట్ల ఖాతాలకు ఎక్కడెక్కణ్నుంచి డబ్బు పడిందో చూసి అక్కణ్నుంచి వెనక్కి నడవడమే.

వచ్చే మహాసభల్లో బిజినెస్ ఫోరానికీ పెళ్ళిచూపుల వేదికకూ మధ్య ఎక్కడో ఒక గంట ఖాళీ పెట్టించండి. మీ లాయర్నీ ఆడిటర్నీ కూర్చోబెట్టండి. బడ్జెట్ కాగితాలు, దాతల నిబంధనల ముసాయిదా మేం తీసుకొస్తాం.

ఇట్లు,
ఉత్తరాంధ్రలో చాలాకాలం రిపోర్టింగ్ చేసి, ఇప్పుడు డెస్కులో కూర్చున్న ఒక విలేకరి